సాక్ష్యాన్ని తెరకెక్కించేటప్పుడు: క్రైస్తవ లఘుచిత్రాలు తీసే యవనస్థులకు సూచనలు

గుంటూరు, విజయవాడ సంఘాల్లో క్రిస్మస్‌కు నాటిక వేయడం పాత అలవాటే. ఇప్పుడు యవనస్థులు నాటికతో ఆగకుండా, ఎవరైనా విశ్వాసి తన జీవితంలో దేవుడు చేసిన కార్యం గురించి చెప్పిన సాక్ష్యాన్ని సెల్‌ఫోనుతోనే లఘుచిత్రంగా తీసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. మంచి పనే. అయితే కూటంలో నోటిమాటగా చెప్పిన సాక్ష్యం ఆ కూటంతో ముగిసిపోవచ్చు గాని, తెరకెక్కిన సాక్ష్యాన్ని ఆ మనిషి ముఖమైనా ఎరుగనివారు సైతం నమ్మి, దాన్నిబట్టి తమ ఇంట్లో నిర్ణయాలు తీసుకుంటారు కనుక, చెప్పినవారి కంటే తీసినవారి మీదే ఎక్కువ బాధ్యత పడుతుంది.

కల్పన చేయడం తప్పేమీ కాదు. యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుని కథ విన్నవారెవరూ ఆ తండ్రిది ఏ ఊరని అడగరు. అది ఉపమానమని వినేవారికి తెలుసు. కల్పించినదాన్ని జరిగినదిగా నమ్మించినప్పుడే అది అబద్ధమవుతుంది. కాబట్టి స్క్రిప్టు రాయడానికి ముందే ఒక నోటుపుస్తకంలో మూడు గడులు గీయండి. సాక్షి చెప్పగా మరొకరు కూడా అవునన్న సంగతులు మొదటి గడిలో, సాక్షి ఒక్కరే చెప్పినవి రెండవ గడిలో, కథ నడవడానికి మీరు చేర్చినవి మూడవ గడిలో రాయండి. మారుమనస్సు, స్వస్థత, క్షమాపణ వంటి ముఖ్య ఘట్టమే మూడవ గడిలో చేరితే, ఆ చిత్రానికి ‘నిజ జీవిత గాథ’ అని పేరు పెట్టకూడదు. దాన్ని కల్పిత కథ అని ప్రకటించి తీయండి. అందులో చిన్నతనమేమీ లేదు.

అసలు శ్రమంతా సాక్షితో మాట్లాడడంలోనే ఉంది. మిర్చి యార్డులో పనిచేసే ఒక హమాలీ తాగుడు మానిన కథ తీస్తున్నారనుకుందాం. ‘మీ సాక్ష్యం చెప్పండి’ అని అడిగితే, కూటాల్లో చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలే వస్తాయి. దానికి బదులు ఆ రోజు ఏ పనిలో ఉన్నారు, పక్కన ఎవరున్నారు, ఇంటికి ఎలా వెళ్లారు అని ఒక్కొక్కటే అడగండి. మే నెల ఎండల్లో బస్తాలు మోస్తుండగా ఆ సంఘటన జరిగిందని చెబితే, సాధారణంగా ఆ నెలలో యార్డుకు వేసవి సెలవులిస్తారు కదా అని మెల్లగా గుర్తుచేయండి. ఆయన అబద్ధమాడారని కాదు, జ్ఞాపకం కాలాలను కలిపేస్తుంది. భార్యతో విడిగా మాట్లాడండి. భర్త పక్కన కూర్చోబెట్టి ‘అంతేనా అమ్మా?’ అంటే ఆమె తల ఊపుతుంది, అంతకు మించి ఏమీ తెలియదు. లూకా సైతం తన సువార్త మొదట్లోనే, అన్నిటినీ తరచి తెలుసుకొని రాస్తున్నానని చెప్పుకున్నాడు.

ఇక్కడే పెద్ద శోధన, అంటే ఉన్నదాన్ని పెంచి చూపాలన్న ప్రలోభం, ఎదురవుతుంది. పాత జీవితం ఎంత నల్లగా ఉంటే కొత్త జీవితం అంత తెల్లగా కనిపిస్తుందన్న ఆశతో, సాయంత్రం పూట తాగి కూలిడబ్బులు పోగొట్టుకున్న మనిషిని రౌడీషీటర్‌ని చేసి, చేతికి కత్తి ఇస్తారు. తోటి హమాలీలు ఆ చిత్రం చూసినప్పుడు కత్తి సంగతి అబద్ధమని వారికి తెలుసు. ఇక తాగుడు మానిన నిజాన్ని మాత్రం వారెందుకు నమ్మాలి?

స్వస్థత విషయంలో మరింత జాగ్రత్త కావాలి. క్షయ నయమైన సాక్ష్యంలో సాక్షి మందులు వాడి ఉంటే, ఆ మందులు తెర మీద కనిపించాలి. మామూలు క్షయకు కనీసం ఆరు నెలలు మందులు వాడాలి. కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గుముఖం పడతాయి గాని, అప్పుడు మానేస్తే జబ్బు తిరగబెట్టడమే కాక మందులకు లొంగని క్షయగా మారే ప్రమాదముంది. ప్రార్థన ముగియగానే మాత్రల చీటీని చించేసే దృశ్యం చూడడానికి ఎంత బాగున్నా, దాన్ని చూసి మందులు మానేసే రోగి మీకు ఎన్నటికీ తెలియకపోవచ్చు. ప్రార్థన చేసినదీ నిజమే, పెద్దాసుపత్రిలో మందులిచ్చినదీ నిజమే అయినప్పుడు రెండింటినీ చూపండి.

అబద్ధసాక్ష్యం పలుకవద్దన్న ఆజ్ఞను లూథరన్లు, గుణదల మేరీమాత కొండకు వెళ్లే కతోలికులు ఎనిమిదవదిగా, బాప్టిస్టులు తొమ్మిదవదిగా లెక్కిస్తారు. లెక్క ఏదైనా, అది పొరుగువాని గురించి చెప్పిన ఆజ్ఞ. సాక్షి అన్నగారు బాప్తిస్మాన్ని ఒప్పుకోక మాట్లాడడం మానేశారంటే అంతే చూపండి. కొట్టించారనీ మంత్రాలు చేయించారనీ చేర్చకండి. ఆయన కూడా ఆ ఊళ్లోనే తలెత్తుకొని బతకాలి.

వాక్యంలోని కథ తీసేటప్పుడు మాత్రం ముందు ఆ అధ్యాయాన్నే చదవండి. జ్ఞానులు ముగ్గురని మత్తయి ఎక్కడా చెప్పలేదు. వారు శిశువును ఇంట్లో చూశారని రాశాడు. పౌలు గుఱ్ఱం మీదనుండి పడ్డట్టు అపొస్తలుల కార్యములలో లేదు. ఇలాంటి పొరపాట్లవల్ల ఎవరికీ నష్టం లేదు గాని, మగ్దలేనే మరియను వేశ్యగా చూపడం అలాంటిది కాదు. ఆమెలోనుండి ఏడు దయ్యములు వెళ్లిపోయెనని తప్ప అలాంటి మాట సువార్తల్లో లేదు.

మన ఊరి చరిత్రను తీసుకున్నా నిజమే ఎక్కువ రక్తి కట్టిస్తుంది. అమెరికా లూథరన్ మిషనరీ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చేనాటికే వైద్యురాలు. అయినా మిషన్ ఆమెను మొదట వైద్యానికి నియమించలేదు, 1885లో గాని ఆ నియామకం దక్కలేదు, ఆసుపత్రి 1898లో గాని తెరుచుకోలేదు. దిగగానే ఆసుపత్రి కట్టినట్టు చూపే రచయిత ఆ పదిహేనేళ్ల కథను చేజేతులా పారేసుకుంటాడు.

చిత్రం పూర్తయ్యాక విడుదలకు ముందు సాక్షికి, ఇంటివారికి, వీలైతే సంఘ కాపరికి చూపించి, అభ్యంతరం చెప్పిన చోట కత్తిరించండి. కాలాన్ని కుదించినా, ఇద్దరిని ఒక పాత్రగా కలిపినా, సంభాషణలు మీరే రాసినా ఆ సంగతి చిత్రం మొదట్లోనే, చదవడానికి వీలైనంత సేపు తెర మీద ఉంచండి. చిత్రంతో కానుకలు అడుగుతున్నట్లయితే నటుల దృశ్యాలను అసలు దృశ్యాలతో కలపకండి. విడుదలయ్యాక తప్పు బయటపడితే వీడియోను తీసివేసి, సరిదిద్ది, ఏది మార్చారో వివరణలో రాసి మళ్లీ పెట్టండి. వాట్సాప్‌లో ఎవరెవరికి పంపారో వారికి ఆ సవరణనూ పంపండి.