ఇంట్లో రీలు కెమెరాతో ఫొటోలు తీయాలంటే

రీలు కెమెరా కొన్న చాలామంది దాన్ని అరకు వెళ్లినప్పుడో హంపి వెళ్లినప్పుడో వాడదామని బీరువాలో పెడతారు, ఆ ట్రిప్ కుదరదు, రీలు అలాగే ఉండిపోతుంది. ఇంట్లోనే వాడండి. చిక్కల్లా వెలుతురుతోనే. మన కంటికి వంటిల్లు వెలుగ్గానే ఉంటుంది కానీ ఫిల్ముకి అది చీకటి కిందే లెక్క.

అందుకే 400 ఐఎస్ఓ రీలు కొనండి (ఐఎస్ఓ అంటే ఫిల్ము వెలుతురుని ఎంత తేలిగ్గా పట్టుకుంటుందో చెప్పే అంకె, ఎక్కువైతే తక్కువ వెలుతురు చాలు). మొదటిది ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్, కొడాక్ ట్రై-ఎక్స్ లాంటి బ్లాక్ అండ్ వైట్ అయితే మేలు. కలర్ రీళ్లు ఎక్కువగా పగటి వెలుతురుకి తగ్గట్టు తయారైనవి, రాత్రి పసుపు బల్బు కింద తీస్తే ఇంటిల్లిపాదీ నలుగు పెట్టుకుని కూర్చున్నట్టు వస్తారు.

పగలు కిటికీ పక్కనైతే లెన్స్ ఎఫ్2.8 (ఈ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది), షట్టర్ 1/60 సెకనుతో మొదలుపెట్టండి. రాత్రి ట్యూబ్‌లైటు కిందైతే ఎఫ్2, 1/30, అదీ గుమ్మానికి భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి. అదీ కాదంటే రీలు మొత్తం 1600 ఐఎస్ఓ అనుకుని తీసి, కడగడానికి ఇచ్చేటప్పుడు ‘రెండు స్టాపులు పుష్ చేయండి’ అని చెప్పాలి. ఒక్కో స్టాప్ అంటే వెలుతురులో రెట్టింపు తేడా, పుష్ అంటే ఆ లోటు పూడ్చేలా ఎక్కువసేపు కడగడం. గరుకుదనం పెరుగుతుంది, నీడలు నల్లగా పోతాయి, నాకైతే అదే ఇష్టం.

అమ్మ కిటికీకి వీపు పెట్టి చేటలో పప్పు చెరుగుతోందనుకోండి. వెలుతురు కొలిచే కెమెరా మీటర్ కిటికీని చూసి వెలుతురు బోలెడుందని మోసపోతుంది, ఫొటోలో అమ్మ నల్లటి నీడలా మిగులుతుంది. మీ అరచేతిని ఆమె ముఖం మీద పడే వెలుతురులోనే పెట్టి మీటర్ చూసి, దానికంటే ఒక స్టాప్ ఎక్కువ ఇవ్వండి. ఇక ఫోకస్. 50 ఎంఎం లెన్స్‌తో ఎఫ్2 దగ్గర, మీటరు దూరంలో స్పష్టంగా వచ్చేది సుమారు 5 సెంటీమీటర్ల మందమే, కాబట్టి చేతులా ముఖమా ముందే తేల్చుకోండి. నేనైతే చేతులంటాను. 1/60 దగ్గర ఎగిరే గింజలు సన్నటి గీతల్లా వస్తాయి, అది బాగుంటుంది.

మనుషులు మొదట్లో బిగుసుకుపోతారు. మా నాన్నయితే లోపలికెళ్లి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. ముందు ఆ ఫొటో ఒకటి క్లిక్‌మనిపించండి, గొడవ వదిలిపోతుంది, తర్వాత కెమెరాను ఫ్రిజ్ మీదో బల్ల మీదో అందరికీ కనిపించేలా వదిలేస్తే రెండు రోజులకి దాన్ని ఎవరూ పట్టించుకోరు.

రీలు ఎక్కించాక ఒక పని మర్చిపోవద్దు. రీలుని వెనక్కి చుట్టే రివైండ్ నాబ్‌ను మెల్లగా తిప్పి వదులు తీసేసి, రీలుని ముందుకు జరిపే లివర్ లాగినప్పుడు ఆ నాబ్ కూడా తిరుగుతోందో లేదో చూడండి. తిరగకపోతే రీలు పట్టుకోలేదన్నమాట. నేను చూసుకోలేదు, కౌంటర్ 36 దాటి ఇంకా వెళ్తుంటే ‘ఎక్స్‌ట్రా వచ్చాయి’ అని మురిసిపోయాను, తీరా కడిగిస్తే ఒక్కటీ లేదు.

ఎండాకాలం వాడని రీళ్లు ఫ్రిజ్‌లో ఉంచండి, బయటికి తీశాక గంటన్నా ఆగి డబ్బా తెరవండి, లేకపోతే తేమ పట్టేస్తుంది. కడగడానికి ఇచ్చేటప్పుడే నెగటివ్‌లు తిరిగి కావాలని గట్టిగా చెప్పండి, కొన్నిచోట్ల స్కాన్లు వాట్సాప్‌లో పంపేసి చేతులు దులుపుకుంటారు.