క్యూ6600 కొనేముందు మూత మీద రాత చదవండి

పాత ఇంటెల్ ప్రాసెసర్ కోర్ 2 క్వాడ్ క్యూ6600 సెకండ్ హ్యాండ్‌లో దొరికితే, డబ్బులిచ్చే ముందు చిప్ మూత మీది అక్షరాలు చదవండి. పేస్టు అంటుకుని ఉంటే గుడ్డతో తుడవండి. ఎస్ఎల్ఏసీఆర్ అని ఉంటే జీ0 స్టెప్పింగ్ (అదే చిప్‌కి సవరించిన వెర్షన్), ఎస్ఎల్9యూఎం అయితే అంతకుముందు వచ్చిన బీ3. పేరూ, 2.4 గిగాహెర్ట్జ్ వేగమూ రెండింటికీ ఒకటే. తేడా అంతా వేడి దగ్గరే: బీ3కి 105 వాట్లు, 2007లో వచ్చిన జీ0కి 95. మూత ఉష్ణోగ్రత పరిమితి కూడా 62 డిగ్రీల నుంచి 71కి పెరిగింది.

ఓవర్‌క్లాక్ చేయాలంటే, అంటే చిప్‌ని అసలు వేగం కంటే ఎక్కువగా నడపాలంటే, ఈ వేడి తేడా ముఖ్యం. ఎఫ్ఎస్‌బీ (చిప్‌ని బోర్డుతో కలిపే బస్సు వేగం, మెగాహెర్ట్జ్‌లో)ని మల్టిప్లయర్‌తో గుణిస్తే చిప్ వేగం వస్తుంది. మల్టిప్లయర్ 9 దాటదు కాబట్టి ఎఫ్ఎస్‌బీ పెంచాల్సిందే. 266ని 333 చేస్తే 3 గిగాహెర్ట్జ్. జీ0లు చాలావరకు వోల్టేజీ పెద్దగా పెంచకుండానే అక్కడికి చేరతాయి. 400 పెడితే 3.6, దానికి మంచి కూలరూ, బోర్డూ కావాలి. బీ3తో ఆ ప్రయత్నం చేస్తే క్యాబినెట్ కుంపటే. ర్యామ్‌ని మాత్రం ఎఫ్ఎస్‌బీతో 1:1 నిష్పత్తిలో ఉంచండి, లేకపోతే ర్యామ్ చేసిన తప్పుకి చిప్‌ని తిట్టుకుంటారు.

చిప్ ఇప్పటికే బోర్డులో ఉంటే చిప్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో రివిజన్ గడి చూడండి. స్టెప్పింగ్ గడిలో జీ0కి ‘బీ’ అని కనిపిస్తుంది, దాన్ని చూసి బీ3 అనుకుని టెన్షన్ పడొద్దు. బీ3కైతే అక్కడ 7 ఉంటుంది.