హాస్టల్లో ఉన్న పాపకు పిన్ని రాసే ఉత్తరం

గురుకుల హాస్టళ్లలో సాధారణంగా పిల్లల దగ్గర ఫోన్ ఉండనివ్వరు. ఇంటికి మాట్లాడే ఆ కాసేపూ నాన్నతోనే సరిపోతుంది. మీరు ఆ ఇంటికి కొత్తగా వచ్చిన పిన్ని అయితే ఉత్తరం రాయండి. అప్పటికప్పుడు బదులు చెప్పే ఇబ్బంది లేకుండా పాప తీరిగ్గా చదువుకుంటుంది.

పోస్టుకార్డు మీద రాయకండి, పక్క మంచం పిల్ల దాకా అందరూ చదివేస్తారు. ఇన్‌లాండ్ లెటర్‌లో వేరే కాగితం పెట్టకూడదు. అందుకే 5 రూపాయల కవరు మేలు. మీ అడ్రసు, పిన్‌కోడ్ రాసిన 50 పైసల కార్డు ఒకటి అందులో పెట్టండి, కానీ జవాబు రాయమని అడగొద్దు.

మార్కుల ఊసు వద్దు, అది నాన్న ఎలాగూ అడుగుతారు. జామచెట్టు పిందె వేసిందని రాయండి. తన అలమర, పాత పుస్తకాలు ఎక్కడివక్కడే ఉన్నాయని తప్పకుండా రాయండి. ఇంట్లో తన చోటు పోయిందేమోనన్న దిగులు ఆ పిల్లలకు చాలా పెద్దది, పైకి చెప్పరంతే. వాళ్లమ్మ సంవత్సరీకం దగ్గరపడితే దాటేయకండి. ‘అమ్మ ఫొటోకి దండ వేశాం, నీ పేరు చెప్పి దీపం పెట్టాను’ అని రాయండి. ఆ ఒక్క వాక్యం పాప ఎన్నిసార్లు చదువుకుంటుందో!

సంతకం మాత్రం పాప మిమ్మల్ని ఎలా పిలుస్తుందో అలాగే పెట్టండి. తను అనకముందే ‘అమ్మ’ అని పెట్టొద్దు.

కవరు మీద పేరుతోపాటు తరగతి, సెక్షన్ కూడా రాస్తే స్కూలు ఆఫీసులో ఆగిపోకుండా చేతికందుతుంది.