తుఫానుల నెలకు ముందు టాబ్లెట్‌లో పాఠాలు రికార్డు చేసేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు ఉండేవారికి అక్టోబరు వచ్చిందంటే గుండెల్లో గుబులే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డాయి, కరెంటు స్తంభాలు కూలాయి, దారులు తెగిపోయాయి. బడిలో ఒడియా చదువుకుంటూ సాయంత్రాలు మా దగ్గర తెలుగు నేర్చుకునే పిల్లలకు అటువంటి రోజుల్లో మొదట ఆగిపోయేది తెలుగే. అందుకని ఎండ కాస్తున్న రోజుల్లోనే టాబ్లెట్ తెర మీద అక్షరాలు రాస్తూ, నోటితో చెబుతూ, ఆ తెరను రికార్డు చేసి ఇళ్ళకు పంపే పద్ధతి పెట్టుకున్నాం. ఈ పని తేలికగానే కనిపిస్తుంది గానీ, ఇందులో పాఠం పోగొట్టుకునే దారులూ ఉన్నాయి, ఇంటి గుట్టు బయటపెట్టుకునే దారులూ ఉన్నాయి.

రికార్డింగ్ కోసం కొత్త యాప్ ఏదీ వేసుకోవద్దని మొదటే గట్టిగా చెబుతున్నాను. ఐప్యాడ్‌లో 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి, ఆండ్రాయిడ్‌లో 2020లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి ఈ సదుపాయం టాబ్లెట్‌తోపాటే వస్తోంది. ఐరికార్డర్ అనే స్క్రీన్ రికార్డర్ యాప్ 2021లో ప్లేస్టోర్‌లోకి వచ్చినప్పుడు దానిలో ఏ దోషమూ లేదు. మరుసటి ఏడాది వచ్చిన అప్‌డేట్‌తో అది పావుగంటకొకసారి నిమిషం పాటు మైకులోని మాటలను దొంగచాటుగా రికార్డు చేసి బయటకు పంపడం మొదలుపెట్టిందని ఈసెట్ అనే సైబర్ భద్రతా సంస్థ 2023లో బయటపెట్టింది. వేసుకున్న రోజున మంచిదైన యాప్ ఎల్లకాలం మంచిదిగానే ఉంటుందని నమ్మడానికి వీల్లేదు.

రికార్డర్‌కు పాఠమేదో, సొంత విషయమేదో తెలియదు. తెర మీద పడిన ప్రతిదీ దానిలోకి వెళుతుంది. గుణింతం చెబుతున్న సమయంలో బ్యాంకు నుంచి ఓటీపీ వస్తే, అది రెండు సెకన్లు కనిపించి మాయమైనా, వీడియోను ఆపి చూసేవారికి అది ఎప్పటికీ అక్కడే ఉంటుంది. కాబట్టి రికార్డింగ్‌కు ముందు విమాన మోడ్ పెట్టండి. నెట్ తప్పనిసరైతే డు నాట్ డిస్టర్బ్ అయినా పెట్టండి. బ్యాంకు యాప్‌లు చాలావరకు రికార్డింగులో నల్లగా వస్తాయి గానీ, ఎస్సెమ్మెస్‌కూ వాట్సాప్ సందేశానికీ ఆ రక్షణ ఉంటుందనుకోకూడదు. చాలామంది గమనించని చోటు మరొకటి ఉంది. ఆండ్రాయిడ్ టాబ్లెట్లలో రికార్డింగ్ ఆపడానికి పైనుంచి తెరను కిందికి లాగుతాం కదా, ఆ క్షణంలో అక్కడ పేరుకున్న నోటిఫికేషన్లన్నీ, ఎవరు ఏమి పంపారో, ఎంత డబ్బు పడిందో, వరుసగా వీడియో చివర నమోదవుతాయి. నేను పంపిన ఒక పాఠం చివర ఒక తల్లి తన బిడ్డ ఫీజు గురించి రాసుకున్న మాట అలాగే కనిపించింది. ఆమెకు క్షమాపణ చెప్పుకున్నాను గానీ, అది అప్పటికే పదిమంది ఇళ్ళకు చేరింది. నాటి నుంచి చివరి మూడు సెకన్లు కత్తిరించకుండా ఏ పాఠమూ పంపడం లేదు.

ఇక ఫైలు దక్కించుకోవడం గురించి. ఒకసారి నలభై నిమిషాల పాటు వత్తులు చెప్పాను. కరెంటు పోయింది, చార్జింగు అడుగంటింది, ఆపే లోపే టాబ్లెట్ ఆరిపోయింది. తిరిగి వెలిగించాక ఫైలు కనిపించింది, సైజు కూడా చూపించింది, కానీ తెరుచుకోలేదు. చాలా రికార్డర్లు ఎంపీ4 ఫైలులో ఏ దృశ్యం ఎక్కడుందో చెప్పే సూచికను మనం స్టాప్ నొక్కిన తర్వాతే చివరలో రాస్తాయి. ఆ సూచిక పడకపోతే, లోపల బొమ్మా మాటా ఉన్నా ప్లేయర్‌కు దారి దొరకదు. అందుచేత పాఠాన్ని పది పదిహేను నిమిషాల ముక్కలుగా చేసుకోవాలి, చార్జింగు సగానికి పైగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. ఫుల్ హెచ్‌డీలో సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున రికార్డయితే నిమిషానికి 60 మెగాబైట్లు, గంటకు సుమారు 3.6 గిగాబైట్లు అవుతుంది. ఖాళీ జాగాను ఈ లెక్కన ముందే చూసుకోండి. 32 గిగాబైట్ల వరకు ఉండే మెమరీ కార్డులు సాధారణంగా ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి, వాటిలో 4 గిగాబైట్లు దాటిన ఫైలు పట్టదు.

ఐప్యాడ్‌లో రికార్డు బటన్‌ను కాసేపు నొక్కి పట్టి మైకు ఆన్ చేయాలి, ఆండ్రాయిడ్‌లో మొదలుపెట్టే ముందు మైకును ఎంచుకోవాలి. ఇది మరిచిపోతే పాఠమంతా మూగగా వస్తుంది. రేకుల కప్పు కింద వాన పడుతున్నప్పుడు చెప్పిన పాఠం ఎవరికీ వినపడదు. అర నిమిషం రికార్డు చేసి, విని, ఆ తర్వాతే అసలు పాఠం మొదలుపెట్టండి.

ఆన్‌లైన్ తరగతిని రికార్డు చేస్తే పిల్లల ముఖాలూ పేర్లూ అందులో పడతాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి అవసరమంటోంది. చట్టం మాట అటుంచినా, అడిగి చేయడమే మర్యాద. తుఫాను సాయం పేరుతోనో, కరెంటు బిల్లు పేరుతోనో ఫోన్ చేసి ఫలానా యాప్ వేసుకుని తెర చూపించమనేవారి మాట అసలు వినవద్దు. అలా చూపిన తెర మొత్తం వారి చేతిలో ఉన్నట్టే. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

పాఠాన్ని వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది నలిగి, థ నడుమ చుక్క కనిపించక పిల్లలు ధ అని చదువుతారు. డాక్యుమెంటుగా పంపితే 2 గిగాబైట్ల వరకు ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. మరొక ప్రతిని పెన్‌డ్రైవ్‌లో వేసి, ప్లాస్టిక్ కవరులో కట్టి, పాతపట్నంలోని చుట్టాలింట్లోనో, మేడ ఉన్న పొరుగింట్లోనో ఉంచండి. ఆ పెన్‌డ్రైవ్‌ను వేరే ఫోనుకు తగిలించి ప్రతి ఫైలునూ చివరి దాకా నడిపి చూశాకే టాబ్లెట్‌లోది తుడిచేయండి.