మంచి సర్వీసు చేసిన షాపుకి రివ్యూ ఎలా రాయాలి?

"సూపర్, గుడ్ సర్వీస్" అని రాసి, ఐదు స్టార్లు నొక్కేసి రుణం తీరిందనుకుంటారు చాలామంది. దానివల్ల షాపుకి ఒరిగేది తక్కువే.

గూగుల్ మ్యాప్స్ తెరిచి షాపు పేరు వెతకండి. అదే పేరుతో ఊళ్లో నాలుగుంటాయి, వీధి చూసుకోండి. స్టార్లు నొక్కండి. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు.

కొట్టు మెట్లు దిగుతూనే మాత్రం రాయొద్దు. బాగు చేయించిన వస్తువును వారం వాడాలి. మా మిక్సీ జార్‌కి అడుగు కారుతుంటే బుష్ మార్పించాక రెండుసార్లు పచ్చడి, ఒకసారి మినప్పప్పు వేసి చూశాకే నేను రాశాను. కింద చుక్క కారలేదు. రివ్యూలో పెట్టాల్సింది ఆ ముక్కే: ఏ వస్తువు, ఏం చెడింది, ఏం చేశారు, ఇప్పుడెలా ఉంది. తెలుగులోనే రాయండి. తెలుగు రానివాళ్లకి మ్యాప్స్ అనువాదం చూపిస్తుంది.

అసలు చిక్కు ఏం రాయకూడదన్న దగ్గరుంది. మీకు చేసిన ప్రత్యేకమైన మేలు రాయొద్దు. నేను ఉత్సాహం కొద్దీ "యాభై రూపాయలు తగ్గించారు" అని రాశాను. వారం తిరక్కుండానే షాపాయన, "అమ్మా, మీ రివ్యూ చూపించి అందరూ అదే రేటు అడుగుతున్నారు" అన్నాడు. మెకానిక్ జీతానికి పనిచేసేవాడైతే ఇంకా జాగ్రత్త. వారంటీ అయిపోయినా డబ్బు తీసుకోలేదని రాస్తే, అతను ఓనరుకి సంజాయిషీ చెప్పుకోవాలి. అలాంటి మేలుకి థాంక్స్ నోటితో చెప్పండి, చాలు.

పేరు రాయాలనుకుంటే ముందు అతన్నే అడగండి. పెద్ద షోరూముల్లో పేరుంటేనే ఉపయోగం. "కౌంటర్లో అబ్బాయి" అంటే ఎవరని వెతుకుతారు? అతని ఫోన్ నంబరు, ఫొటో మాత్రం వద్దు.

స్వీటు బాక్సు ఇస్తే సరిపోదా అంటారు మా ఇంట్లో. అది సాయంత్రానికి ఖాళీ. వాట్సాప్ స్టేటస్ 24 గంటల్లో పోతుంది. రివ్యూ అయితే రేపు జార్ పట్టుకుని కొత్తగా వచ్చేవాళ్లకి పనికొస్తుంది.

రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామన్నారా, రాయకండి. గూగుల్ నిబంధనలు దానికి ఒప్పుకోవు. ఆ షాపు ఎంత మంచిదైనా నేనైతే రాయను.

పొరపాటు రాస్తే కంగారు పడొద్దు. మీ రివ్యూ మీరెప్పుడైనా దిద్దుకోవచ్చు. నేనూ ఆ యాభై రూపాయల మాట తీసేశాను. మొన్న ఇంకో జార్ తీసుకెళ్తే, ఆయన దాన్ని చేతిలోకి తీసుకోకముందే అడిగాడు: "తీసేశారా అమ్మా?"