ట్రాలీ లైట్లు: తప్పు బల్బులది కాదు, ఎర్త్‌ది

మాది రాజోలు దగ్గర పల్లె. కొబ్బరికాయల లోడు అంబాజీపేటకి తోలేటప్పుడు తెల్లారకముందే బయలుదేరతాం, అందుకే ట్రాలీ వెనక లైట్లు నాకు ప్రాణంతో సమానం. కాలవ గట్టు రోడ్డు మీద లైటు లేని ట్రాలీ ఎంత ప్రమాదమో చూసినవాణ్ణి.

ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు కూడా దాంతోపాటే మిణుకుమనేది. బ్రేకు నొక్కితే అన్నీ మసకబారేవి. ఎలక్ట్రీషియన్ రెండుసార్లు బల్బులు మార్చాడు, ఫలితం లేదు.

చివరికి వోల్టులు కొలిచే మల్టీమీటర్ తెచ్చుకున్నాను. లైట్లన్నీ వేసి, బల్బు హోల్డర్ ఇనుముకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య కొలిస్తే 4 వోల్టులు చూపించింది. దాదాపు సున్నా ఉండాలి. అంటే కరెంటు బ్యాటరీకి తిరిగెళ్లే దారి, అదే ఎర్త్, సరిగ్గా లేదు. ట్రాక్టర్ నుంచి ట్రాలీ లైట్లకి కరెంటు ఇచ్చే ఏడు పిన్నుల సాకెట్ విప్పితే, ఎర్త్ రావాల్సిన 3వ పిన్ను పచ్చగా చిలుం పట్టి ఉంది, దాని వైరు తెగిపోయి ఉంది. ఇన్నాళ్లూ ఎర్త్, ట్రాలీని ట్రాక్టర్‌కి తగిలించే తుప్పు పట్టిన హుక్కు పిన్ను గుండానే వెళ్తోందన్నమాట! గతుకుల్లో లైటు వచ్చిపోవడం అందుకే.

పిన్నుల్ని గరుకు కాగితంతో రుద్ది, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ప్రతి లైటు నుంచీ నేరుగా 3వ పిన్నుకీ, ట్రాక్టర్ వైపు సాకెట్ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కీ లాగాను. రంగు తీసి మెరిసే ఇనుము మీదే బోల్టు బిగించాను. పైన వాజెలీన్ పూశాను, సముద్రం గాలికి అది తప్పదు. మళ్లీ కొలిస్తే 0.2 వోల్టులు. ఆ రాత్రే లోడు తోలాను.