డిస్క్ గోల్ఫ్‌లో వెనక బ్యాచ్‌కి దారి ఇవ్వడం ఎలా?

నలుగురు కొత్తవాళ్లు ఒకే బుట్ట దగ్గర పావుగంట నుంచి కిందామీదా పడుతుంటారు. వెనక ఇద్దరు చేతుల్లో డిస్కులు పట్టుకుని ఎండలో నిలబడి ఉంటారు. అడిగితే ఏమనుకుంటారో అని వెనకవాళ్లు నోరు మెదపరు. వెనక మనుషులున్నారన్న సంగతే ముందువాళ్లకు తట్టదు. నెమ్మదిగా ఆడితే ఎవరూ తప్పుపట్టరు. వెనక్కి తిరిగి చూడకపోతేనే పేచీ.

ఆట కొత్తవాళ్లకు ముందుగా రెండు ముక్కలు. గోల్ఫ్‌లో బంతి ఉన్నట్టు ఇక్కడ గట్టి ప్లాస్టిక్ డిస్క్ ఉంటుంది, గుంటకు బదులు ఇనప స్తంభానికి గొలుసులు వేలాడే బుట్ట ఉంటుంది. ఎవరు తక్కువ విసుర్లలో డిస్కును బుట్టలో వేస్తే వాళ్లు గెలిచినట్టు. ఈ గొలుసుల బుట్టకు రూపమిచ్చింది అమెరికాకు చెందిన ఎడ్ హెడ్రిక్. 1976లో ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్‌ను మొదలుపెట్టిందీ ఆయనే. ఆట నియమాలన్నీ ఆ సంఘం రాసినవే. మొదటి విసురు వేసే చోటును టీ అంటారు. ఈ ఆట కోసమే పక్కాగా కట్టిన మైదానంలో అక్కడ సిమెంటు దిమ్మె ఉంటుంది. తిరుపతిలో ఒక కాలేజీ మైదానంలోనో, చిత్తూరు దగ్గర మామిడి తోటలోనో మడత బుట్టలు పెట్టుకుని ఆడేవాళ్లకు సున్నంతో గీసిన గీత చాలు.

పిల్లలు ఆడుకునే ఫ్రిస్బీతో దీన్ని పోల్చకండి. డిస్కు వెడల్పు 21 సెంటీమీటర్ల పైచిలుకు, బరువు 150 నుంచి 175 గ్రాములు, దూరం పోయే రకాలకు అంచు సన్నగా ఉంటుంది. బలంగా విసిరింది మొహానికి తగిలితే కుట్లు పడతాయి. అందుకే దారి ఇచ్చే పద్ధతిలో మర్యాదతో పాటు జాగ్రత్తా ఉంటుంది.

వేగం తేడా ఎందుకొస్తుంది?

చాలాసార్లు ఇది చేతగానితనం వల్ల కాదు, తలల లెక్క వల్ల. 80 మీటర్ల దూరంలో ఉన్న బుట్టకు ఒక్కొక్కరికి నాలుగు విసుర్లు, విసురుకు పాతిక సెకన్లు అనుకోండి. నలుగురికి 16 విసుర్లు, అంటే ఆరున్నర నిమిషాల పైమాటే. ఇద్దరికైతే మూడున్నర నిమిషాల లోపే. ఈ తేడా ఒక్కో బుట్టకు మూడు నిమిషాలు. తొమ్మిది బుట్టల్లో దాదాపు అరగంట. ఉదయం ఆరింటికి మొదలుపెట్టిన వాళ్లకు ఆ అరగంటతో ఏడున్నర, ఎనిమిదవుతుంది. మే నెలలో తిరుపతి ఎండ ఆ వేళకే చురుక్కుమంటుంది, నీడ లేని టీ దగ్గర ఊరికే నిలబడటం ఆడటం కంటే కష్టం.

కాబట్టి నలుగురి కంటే ఎక్కువ మంది వస్తే రెండు బ్యాచ్‌లుగా విడిపోండి. ఆరుగురు కలిసి ఒకే గుంపుగా పోతే కబుర్లకు బాగుంటుంది, వెనకవాళ్లకు నరకం.

ముందొక చూపు, వెనకొక చూపు

బుట్టలోంచి డిస్కులు తీసుకుని తర్వాతి టీకి నడిచేటప్పుడు రెండు వైపులా చూడటం అలవాటు చేసుకోండి. మీ ముందు బుట్ట దాకా ఖాళీగా ఉందా? మీరు ఇందాక వదిలిన టీ దగ్గర ఎవరైనా కాచుకుని ఉన్నారా? రెండింటికీ జవాబు అవును అయితే దారి ఇచ్చే సమయం వచ్చినట్టే. ముందు కూడా జనం ఉంటే దారి ఇచ్చి లాభం లేదు. వాళ్లు మీ ముందుకొచ్చి మళ్లీ ఆగుతారు, మీరు ఉత్తినే వెనకబడతారు. అలాంటప్పుడు 'ముందు కూడా జామ్ అయింది స్వామీ' అని ఒక్క మాట చెబితే చాలు, వెనకవాళ్లు కుదురుగా ఉంటారు.

వెనక బ్యాచ్ వరుసగా రెండు టీల దగ్గర ఆగాల్సి వస్తే దారి ఇవ్వాలన్నది మా కొలత. ఒక్కసారి ఆగడం ఎవరికైనా జరుగుతుంది.

దారి ఇచ్చేటప్పుడు

అన్నిటికంటే సులువైన చోటు తర్వాతి టీ. మీ బుట్ట ఆట పూర్తి చేసి, టీ దగ్గర సంచులు దించి, వెనకవాళ్లు తమ బుట్ట ముగించేదాకా ఆగండి. వాళ్లు దగ్గరికి రాగానే పెద్దవాళ్లయితే 'సార్, మీరు ముందు పోండి', సాటివాళ్లయితే 'అన్నా, మీరిద్దరే కదా, పోండి, మేం తర్వాత వస్తాం' అనండి. చెయ్యి ఊపి వదిలేస్తే విసరమన్నారో ఆగమన్నారో అర్థం కాదు. మాటతో చెప్పండి.

మీరు టీకీ బుట్టకూ మధ్యలో ఉండగా దారి ఇవ్వాల్సి వస్తే పని కాస్త ఎక్కువ. ముందుగా నలుగురూ మీ డిస్కులు పడిన చోట్ల గుర్తు పెట్టాలి. దీనికి 7 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పుండే చిన్న బిళ్ల ఉంటుంది, తొక్కుడుబిళ్ల ఆటలోలాగా. డిస్కుకు బుట్ట వైపున్న అంచును తాకేలా, డిస్కుకూ బుట్టకూ మధ్య సూటి గీత మీద బిళ్లను నేలకు ఆనించి పెట్టండి. తర్వాతే డిస్కు ఎత్తండి. ముందు డిస్కు ఎత్తేసి 'ఇక్కడే ఉండింది' అని వేలితో చూపిస్తే ఆ తర్వాత తగాదా ఖాయం. బిళ్ల లేదని సీసా మూత పెట్టేవాళ్లున్నారు, అది గడ్డిలో మళ్లీ కనబడదు. డిస్కులు నేల మీదే వదిలేస్తే వెనకవాళ్లవి వాటి పక్కనే పడి ఎవరివి ఎవరివో తెలియకుండా పోతాయి. ఒక రంగు, ఒకే మోడల్ అయితే మరీనూ.

బిళ్లలు పెట్టాక అందరూ ఒకే చోటికి చేరండి. ఈ చోటు ఎంపిక దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. కుడిచేతివాటం మనిషి ఛాతీకి అడ్డంగా చెయ్యి తిప్పి విసిరిన డిస్కు వేగం తగ్గేకొద్దీ ఎడమకు వాలుతుంది. అది తెలిసినవాళ్లు 'అయితే కుడివైపు భద్రమే' అనుకుని అక్కడ నిలబడతారు. కానీ పట్టు విడవడం అర క్షణం ఆలస్యమైతే అదే డిస్కు సూటిగా కుడికే దూసుకొస్తుంది, అదీ పూర్తి వేగంతో. కాబట్టి ఏ పక్కా నమ్మదగ్గది కాదు. లావుపాటి చెట్టు మొదలు వెనక చేరండి. అది లేకపోతే దారికి బాగా ఎడంగా, కనీసం ముప్ఫై అడుగులు జరిగి, విసిరే మనిషిని చూస్తూ నిలబడండి. వీపు తిప్పి ఫోన్ చూసుకోవద్దు. టీకి దగ్గర్లో ఉంటే విసిరే మనిషి వెనక్కి వెళ్లడం అన్నిటికంటే మేలు.

అందరూ చేరాక చెయ్యెత్తి 'ఆడండి!' అని గట్టిగా పిలవండి. ఆ పిలుపు లేకుండా వెనకవాళ్లు విసరకూడదు. 'మేం అంత దూరం కొట్టలేంలే' అన్న నమ్మకంతో విసిరిన డిస్కే ఎండిన నేల మీద పడి జారుతూ ఇంకో పది, పదిహేను మీటర్లు పోతుంది. వేసవిలో గట్టిపడ్డ ఎర్రనేల మీద ఇది మామూలే.

వాళ్లు దాటిపోయాక తొందరపడకండి. బుట్టలోంచి డిస్కులు తీసుకుని తర్వాతి టీ వైపు కదిలేదాకా ఆగి, అప్పుడు మీ బిళ్లల దగ్గరికి పోండి.

అలిపిరి మెట్లెక్కేటప్పుడు ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ పోయేవాళ్లు ఒక పక్కగా సాగుతారు, గబగబా ఎక్కేవాళ్లు పక్కనుంచి దాటిపోతారు. ఎవరి మొక్కు వాళ్లది. తిరుపతివాళ్లకు ఆ సర్దుబాటు కొత్తేం కాదు.

దాటిపోయే బ్యాచ్ చేయాల్సింది

దారి అడగాలంటే ముందువాళ్లు టీ దగ్గరో, బుట్ట దగ్గర ఆట అయ్యాకో నడిచి వెళ్లి అడగండి. 'అన్నా, ముందు ఖాళీగా ఉంది, మమ్మల్ని పోనిస్తారా?' అంటే కాదనేవాళ్లు తక్కువ. దూరం నుంచి కేకలేయడం, నిట్టూర్చడం, డిస్కులు ఒకదానికొకటి కొట్టి చప్పుడు చేయడం వద్దు. గురి చూసే మనిషికి అవన్నీ వినబడతాయి. ముందువాళ్ల కాళ్ల దగ్గర పడేలా విసిరి హెచ్చరించడం మాత్రం క్షమించరానిది.

దారి దొరికాక ఆ బుట్టకు మనిషికి ఒక్క డిస్కే. సరిగ్గా పడలేదని రెండోది విసిరి చూసుకోవడం అప్పు తీసుకున్న సమయాన్ని వృథా చేయడమే. పొదల్లో పడితే ఒక నిమిషం వెతికి, దొరక్కపోతే వదిలేసి కదలండి. రౌండ్ అయ్యాక తిరిగొచ్చి వెతుక్కోవచ్చు. పోతూ పోతూ ఒక థ్యాంక్స్ చెప్పండి.

ముందువాళ్లు ఒప్పుకోకపోతే పట్టుబట్టకండి. ఒక బుట్ట వదిలేసి, విసిరే దారికి దూరంగా చుట్టూ తిరిగి ఆ తర్వాతి ఖాళీ టీకి వెళ్లి, వదిలినదాన్ని చివర్లో ఆడుకోవచ్చు. ఇంకో బ్యాచ్ ఎదురుచూస్తున్న టీలో మాత్రం దూరవద్దు.

దారి ఇచ్చే అవసరమే తగ్గాలంటే

నియమం ప్రకారం మీ వంతు వచ్చి, డిస్కు దగ్గరికి చేరి, ముందు ఖాళీ అయ్యాక విసరడానికి 30 సెకన్లు. కొత్తవాళ్లకూ ఇది చాలినంత సమయమే. అసలు కాలం హరించేది వేరే. ఒకరు విసిరేదాకా మిగతా ముగ్గురూ అక్కడే గుమిగూడి, ఆ తర్వాత ఇంకొకరి డిస్కు దగ్గరికి కలిసి నడుస్తారు. అలా కాకుండా ఎవరి డిస్కు దగ్గరికి వాళ్లు నడిచి, ఏది విసరాలో ముందే సంచిలోంచి తీసి ఉంచుకోండి. విసిరే మనిషి కంటే ముందుకు మాత్రం పోకండి. బుట్టకు దూరంగా ఉన్నవాళ్లు ముందు విసరాలన్నది క్రమం. వాళ్లు సరేనంటే సిద్ధంగా ఉన్నవాళ్లు ముందు వేయడానికీ నియమం ఒప్పుకుంటుంది.

పోయిన డిస్కు వెతకడానికి నియమం ఇచ్చేది 3 నిమిషాలు. ఆ తర్వాత ఒక విసురు జరిమానా వేసుకుని వెనక్కి వెళ్లి మళ్లీ విసరాలి. వెనక జనం ఉంటే వెతుకులాట మొదలుపెట్టకముందే వాళ్లను పొమ్మనండి, అప్పుడు మీరూ నింపాదిగా వెతుక్కోవచ్చు. మామిడి కొమ్మల్లో ఇరుక్కుంటే సరిగ్గా దాని కింద నేల మీద గుర్తు పెట్టి ఆడండి. దానికి జరిమానా లేదు. రాళ్లు రువ్వి దించే ప్రయత్నంలోనే పది నిమిషాలు పోతాయి. పైగా ఆ రాయి ఎటు పడుతుందో తెలియదు. కాయలున్న రోజుల్లో అయితే తోటవాళ్ల కష్టం నేలపాలవుతుంది. మే, జూన్‌లలో తోతాపురి కాపు మీదున్న తోటలో అసలు ఆడకపోవడమే న్యాయం.

ఆట ఆడనివాళ్ల మాట కూడా మరవకూడదు. మైదానంలో నడకకొచ్చిన పెద్దవాళ్లు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాళ్లు, బంతి కోసం పరుగెత్తే పిల్లలు, తోటలో పనిచేసే కూలీలు. వీళ్లందరికీ మీ రెండు బ్యాచ్‌ల కంటే ముందు దారి. వాళ్లు దాటేదాకా ఇద్దరూ ఆగాల్సిందే. డిస్కు ఎవరి వైపైనా పోతుంటే ప్రపంచమంతా 'ఫోర్!' అని అరుస్తుంది, మన మైదానంలో దానర్థం తెలియనివాళ్లే ఎక్కువ. 'తల జాగ్రత్త!' అని అరవండి. మీకు ఆ కేక వినబడితే ఎక్కడిదా అని తలెత్తి చూడకుండా రెండు చేతులూ తలకు అడ్డం పెట్టి వంగండి.

డిస్కు లోపలివైపు చెరగని మార్కర్‌తో పేరు, ఫోన్ నంబరు రాసుకోండి. దాటిపోయే బ్యాచ్‌కి ముందువాళ్ల పోయిన డిస్కు దొరకడం తరచూ జరిగేదే. దొరికినదాన్ని వాళ్ల వైపు విసరకండి. నడిచి వెళ్లి చేతికివ్వండి. వాళ్లు బాగా దూరంగా ఉంటే బుట్ట పైన అందరికీ కనబడేలా పెట్టి, తర్వాతి టీ నుంచి కేకేసి చెప్పండి.